చల్లటి పొయ్యి, నల్లటి పడుగు

గద్వాల స్టేషన్‌లో రైలు దిగేసరికి ఉదయం పదీ పది. బాలయ్య కేసు కచేరిలో తీర్పు చెప్పే నాజిం గారి ముందుకు వచ్చేది మధ్యాహ్నం మూడింటికి. మధ్యలో ఉన్నది నాలుగు గంటల యాభై నిమిషాలు. అందులో అరగంట భోజనానికి కావాలని అడిగాను. రాజమౌళిగారు పావుగంట ఇచ్చారు. ఏడేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నవాడికి అదే పెద్ద వరం కనుక మారుమాట్లాడలేదు.

రాజమౌళిగారి హోదా కాగితం మీద చాలా పొడుగు. బాయిలర్లు, పొగగొట్టాల తనిఖీ అధికారి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల ఆవిరితో నడిచే మిల్లు ఏదైనా సరే, దాని పొగ ఎప్పుడు రావాలో, ఎంత రావాలో చెప్పేది ఆయనే. జనం అంత పొడుగు పేరు మోయలేక 'పొగ అమీన్' అంటారు. నేను ఆయన రాతపని చూసే పేష్కారును, అనంతయ్యను. పుట్టింది గద్వాలలోనే. పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ వేళకు తిండి, అప్పుడప్పుడూ ఒక చిన్న మిస్టరీ ఉంటే చాలు, దేవుడి మీద నాకు వేరే ఫిర్యాదు లేదు.

ఈ మిస్టరీ మాత్రం చిన్నది కాదు.

శాలోళ్ల వీధిలో నేతగాళ్లు తెల్లవారుతూనే పడుగులు పరుస్తారు. వీధి పొడవునా కర్రల మీద నూలు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఎండ ఎక్కేలోగా ఆ పని అయిపోవాలి. తడి నూలు మీద మసి పడిందంటే ఆ పడుగు చీరకు పనికిరాదు. రెండేళ్ల కింద వీధికి తూర్పున నూనె మిల్లు వచ్చింది. తూర్పుగాలి వీచినప్పుడల్లా గొడవే. చివరకు రాజమౌళిగారు హుకుం రాశారు: ఉదయం తొమ్మిది దాకా మిల్లులో నిప్పు పెట్టరాదు. అప్పట్నుంచి మిల్లూ నడిచింది, మగ్గాలూ నడిచాయి. మా దఫ్తరులో మేము గొప్పగా చెప్పుకునే హుకుం అది.

నిన్న తెల్లవారి ఐదు పడుగుల మీద మసి పడింది. నేతగాడు బాలయ్య ఠాణాకు పరుగెత్తి మిల్లు మీద ఫిర్యాదు ఇచ్చాడు. ఠాణా అమీన్, అంటే అక్కడి పోలీసు అధికారి, మిల్లుకు వెళ్లి చూసి, తిరిగి వచ్చి, ఫిర్యాదు ఇచ్చిన బాలయ్యనే లాకప్పులో పెట్టాడు. ఇదే అదనుగా మిల్లు సేటు నాజిం గారికి అర్జీ పెట్టుకున్నాడు. నేతగాళ్లు అబద్ధాలాడుతున్నారు కనుక తొమ్మిది గంటల హుకుం రద్దు చేయాలట. ఈ రోజు మూడింటికి బాలయ్యది దొంగ ఫిర్యాదని తేలితే ఆయనకు జైలు, వీధికి పొగ. రెండూ ఒకేసారి.

స్టేషన్ నుంచి నేరుగా ఠాణాకు వెళ్లాం. అమీన్ పేరు తుకారాం. పొట్టి మనిషి, గట్టి గొంతు. నిరుడు ఆత్మకూరులో ఒక బాయిలర్ పేలితే ఆయన వంటవాణ్ణి పట్టుకున్నాడు. రాజమౌళిగారు వెళ్లి ఆవిరి బయటికి పోనీకుండా బిరడాకు కట్టిన తీగ చూపించి వంటవాణ్ణి విడిపించారు. ఆ సంగతి అమీన్ ఇంకా మరవలేదు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"పొగ వాసన రాంగనె రైలెక్కిండ్రా?" అన్నాడు.

"పొగే లేదని మీరు రాసిండ్రట. అందుకే వచ్చిన," అన్నారు రాజమౌళిగారు.

"రాసిన. ఎనిమిదికి ఫిర్యాదొచ్చింది. ఎనిమిదింబావుకు బాయిలర్ కాడ ఉన్న. పొయ్యి తలుపు మీద గీ చెయ్యి పెట్టిన. కుండల నీళ్లోలె సల్లగున్నది."

"లోపల బూడిద?"

"చెయ్యి పెట్టి కెలికిన. సల్లగనే ఉంది. మొన్న అమావాస్య, మిల్లు బంద్. అంతకు ముందు దినం పొద్దుగూకినప్పుడు ఆర్పిన నిప్పు. మీ లెక్కన ఎంతసేపు సల్లారాలె అది?"

"ఒక పగలు, ఒక రాత్రి నిండా పడుతది."

"పట్టింది గద. మరి నిప్పు లేని పొయ్యికెళ్లి మసి ఎట్ల వస్తది? బాలయ్య అరుగు మీద గంపెడు మసి దొరికింది నాకు. ఇంట్ల పొయ్యి గోకి, తెల్లారంగ తనే చల్లిండు. మిల్లు మూయించాలని."

"తన పడుగు మీద తనే చల్లుకున్నడా?"

"ఐదుట్ల ఒకటి తనది. నాలుగు పరాయివి."

"ఒప్పుకున్నడా?"

"ఒప్పుకుంటడు. మూడు గంటలు ఇంకా గాలే," అన్నాడు అమీన్.

రాజమౌళిగారు గంప చూపించమన్నారు. బల్ల కిందినుంచి లాగి ముందు పెట్టాడు అమీన్. రాజమౌళిగారు వేలు పెట్టి కలిపి, చింతగింజంత పెళ్ల ఒకటి తీసి, అరచేతిలో పెట్టుకుని గోటితో చీల్చారు. పొర లేచింది. దాని కింద ఇంకో పొర. కళ్లద్దాలు పైకి తోసుకుని లెక్కపెట్టారు.

"రాసుకో అనంతయ్యా. ఆరు పొరలు."

"మసి మసే గద సాబ్," అన్నాడు అమీన్.

"వంటింటి మసి బూజోలె ఉంటది. మెత్తగ, జిడ్డుగ. ఇది పెళ్ల కట్టింది. ఒక్క పొద్దు పొగ కాదిది, నెలల తరబడి ఒకే తావున అంటుకున్న మసి."

"అంటే మిల్లు పొగ అంటరు."

"మిల్లు మసి అంటున్న. పొగ అని నేనింకా అనలే."

అమీన్‌కు ఆ తేడా నచ్చలేదు. నాకు అర్థం కాలేదు. పెళ్లను కాగితంలో చుట్టి జేబులో వేసుకున్న తర్వాత రాజమౌళిగారి మాట తగ్గిపోయింది. ఆకలేమో అనుకున్నాను. నిజానికి ఆకలి నాది.

లాకప్పులో బాలయ్యను రెండు నిమిషాలు చూడనిచ్చారు. యాభై దాటిన మనిషి, కుడిచేతి వేళ్లు నూలు పట్టిపట్టి వంకర తిరిగాయి. కటకటాలు పట్టుకుని లేచాడు. తనను విడిపించమని అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"సారూ, పడుగు ఎత్తొద్దని మా ఇంటిదానికి చెప్పుండ్రి. ఎత్తి చుడితే మసి లోపలికంట దిగుతది. ఇగ ఎందుకూ పనికిరాదు."

"ఎత్తరు, చెప్త," అన్నారు రాజమౌళిగారు.

"రెండేండ్ల సంది తొమ్మిదింటి దాకా మిల్లు గొట్టం దిక్కు గూడ చూడలే సారూ. మీ కాగితం మీద నమ్మకం. మళ్ల ఎన్కటి లెక్కనే అయితదా?"

రాజమౌళిగారు జేబులోని పెళ్లను ఒకసారి తడుముకున్నారు. ఆ మనిషి నమ్మకం నాకు గుండెలో కలుక్కుమంది.

శాలోళ్ల వీధిలోకి వెళ్లేసరికి పదకొండుంబావు. బాలయ్య చెప్పనక్కర్లేకపోయింది. ఆయన భార్య పెంటమ్మ నిన్నటి నుంచి పడుగు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఐదు పడుగులూ వీధిలోనే సాగి ఉన్నాయి. ఎడ్లబండ్లు పక్క సందులోంచి తిరిగి పోతున్నాయి. ఒక బండివాడు గట్టిగా ఏదో అనబోయి, పెంటమ్మ ముఖం చూసి ఎడ్లను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

"గంపల మసి ఎవరు పోసిండ్రమ్మా?" అని అడిగారు రాజమౌళిగారు.

"నేనే. నేల మీద పడ్డది ఊడ్చి పెట్టిన, అమీన్ సారుకు చూపెడదమని. చూసి, మా ఆయన్నే పట్కపోయిండు. ఊడ్చకున్నా బాగుండు."

అమీన్ గంప మిస్టరీ అలా ఒక్క నిమిషంలో తేలిపోయింది. అయితే అది ఆమె మాట మాత్రమే. మూడు గంటలకు నాజిం ముందు భార్య మాట ఎంత దూరం నిలుస్తుందో నాకు తెలుసు. రాజమౌళిగారికీ తెలుసు. ఆయన పడుగు పక్కన వంగి నడవడం మొదలుపెట్టారు.

పడుగు కింద అక్కడక్కడా కత్తెరలా నిలబెట్టిన కర్రల జతలున్నాయి. మొత్తం పన్నెండు. పడుగు మొదలు నుంచి నాలుగో జత దాకా ఆయన నూలును వేలితో చిన్నగా మీటితే మసి రాలిపోయింది. నాలుగు నుంచి ఏడు దాకా ఎంత మీటినా రాలలేదు, గంజిలో దిగి గట్టిపడింది. ఏడు దాటాక నూలు మీద గంజే లేదు. మసి ఊరికే పడి ఉంది.

"నాలుగో కత్తెర దాకా గంజి ఆరింది. ఏడో దాకా తడి ఉంది. మసి పడ్డప్పుడు మీ కుంచె ఏడో కత్తెర కాడ ఉంది. అవునా?"

పెంటమ్మ ఆయనను కింది నుంచి పై దాకా చూసింది. "పక్కన నిలబడి చూసినట్లే చెప్తున్నవ్ సారూ. ఏడో కత్తెర కాడనే. కుంచె ఇడిసి కొట్టిన నేను."

"మొదలుపెట్టింది ఎప్పుడు?"

"పొద్దుగాల రైలు కూసినప్పుడు."

ఆ రైలు ఆరూ పదికి. నిన్న వేళకే వచ్చిందని పొద్దున స్టేషన్‌లోనే కనుక్కుని పెట్టుకున్నారు మా అయ్యగారు, ఎందుకో అప్పుడు చెప్పలేదు.

"ఒక కత్తెర నుంచి ఇంకో కత్తెర దాకా దువ్వడానికి ఎంతసేపు పడుతది?"

"ఆకు నమిలి ఉమ్మినంత సేపు."

రాజమౌళిగారు జేబు గడియారం తీసి నా వైపు తిరిగారు. "అనంతయ్యా, ఆకు నములు."

ప్రభుత్వ కొలువులో ఇంత మంచి హుకుం నాకు మళ్లీ రాలేదు. పెంటమ్మ సున్నం రాసి, వక్కముక్క పెట్టి, తన ఆకే చుట్టి ఇచ్చింది. అరుగు మీద కూర్చుని, తూర్పుగాలి తగులుతుంటే, ఏ తొందరా లేకుండా నమిలాను. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూశారు. నమలడం ఇంత గంభీరమైన పని అని వాళ్లకు ఆ రోజే తెలిసి ఉంటుంది. ఉమ్మేసరికి పది నిమిషాలు.

"మొదలు నుంచి ఏడో కత్తెర దాకా ఏడు పదులు డెబ్బై," అన్నారు రాజమౌళిగారు. "ఆరూ పది నుంచి డెబ్బై నిమిషాలు. మసి పడ్డది ఏడూ ఇరవైకి. రాసుకో."

రాసుకున్నాను. ఆయన చెప్పేది ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వాటిని అతికి, ముందూ వెనకా మాటలు చేర్చి, చదివితే నిండుగా వినబడేలా చేసేది నేను. నా రాత మీద నాకు కొంచెం గర్వమే.

"ఇంకొక్క మాట చెప్పమ్మా. ఎన్కట పొగ వచ్చినప్పుడు నిప్పురవ్వలు పడేవా?"

"పడకేంది. నూలుకు చిల్లులే. మా ఆయన తలగుడ్డ గూడ రెండు మార్లు కాలింది."

"నిన్న?"

ఆమె ఆలోచించింది. "ఒక్క రవ్వ పడలే సారూ. పొగ వాసన గూడ రాలే. సప్పుడు లేకుంట, తూర్పారబట్టిన పొట్టోలె, ఊర్కె వచ్చి పడ్డది. పైన తేటగనే ఉండె."

ఐదు పడుగులూ వెతికాం. కాలిన చుక్క ఒక్కటీ లేదు. పొగ లేకుండా మసి. అమీన్ చెయ్యి పెట్టి చూసిన పొయ్యి నిజంగానే చల్లగా ఉంది, మసి నిజంగానే మిల్లుది. రెండూ నిజమే. ఇందులో అబద్ధం ఎక్కడుందో నాకు తోచలేదు.

"రేపు పొద్దున పడుగు పరవొచ్చునా సారూ?" అని వెనక నుంచి అడిగింది పెంటమ్మ.

"మూడు గానియ్యి," అన్నారాయన.

పావుగంట భోజనం ముగించి మిల్లుకు చేరేసరికి పన్నెండున్నర. గేటు దగ్గర అమీన్ మా కంటే ముందే నిలబడి ఉన్నాడు. మేము చూసేది ఏదైనా తానూ చూస్తానన్నాడు. మంచిదే అన్నారు రాజమౌళిగారు.

మేనేజరు వెంకటన్న మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, వేయించిన పల్లీలు తెప్పించాడు. అడగకముందే రిజిస్టర్లు బల్ల మీద పెట్టాడు. బాయిలర్ రిజిస్టరులో నిన్న నిప్పు పెట్టిన సమయం తొమ్మిదీ ఐదు. తొమ్మిదిన్నర దాకా ఆవిరి ముల్లు సున్నా మీదే. రాజమౌళిగారు ఆ పుస్తకం పక్కన పెట్టి గేటు పుస్తకం అడిగారు.

వెంకటన్న చెయ్యి ఒక క్షణం ఆగింది. "అది కూలోళ్ల రాకపోకలది సార్. అందుల ఏముంటది?"

"రాకపోకలే ఉంటయి."

బాయిలర్‌కు నిప్పు పెట్టే మనిషి పేరు సాయన్న. నెలంతా ఎనిమిదిన్నరకు వచ్చినట్లుంది. నిన్న మాత్రం ఆరూ నలభై.

"తొమ్మిదింటికి నిప్పు పెట్టేటోడు ఆరూ నలభైకి ఎందుకొచ్చిండు?"

"పనిమంతుడు సార్," అన్నాడు వెంకటన్న.

"నిన్న ఒక్కనాడేనా?"

వెంకటన్న పల్లీల పళ్లెం నా వైపు జరిపాడు. నేను తీసుకున్నాను. ప్రశ్న నాది కాదు కదా.

బాయిలర్ గది చిన్నది. పొయ్యి మండుతోంది. పక్కనే పొగగొట్టం, నలభై అడుగుల ఇనప గొట్టం. పైకెక్కడానికి మెట్లలా ఇనప కమ్ములు. రాజమౌళిగారు పొయ్యి వైపు చూడనే లేదు. గొట్టం మొదట్లో మూరెడు ఎత్తున చిన్న ఇనప తలుపు ఉంది. దాని అంచులు మట్టితో మెత్తి ఉన్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ మట్టిని గోటితో గీశారు.

"అమీన్ సాబ్, జర ముట్టుకోండ్రి."

అమీన్ ముట్టుకున్నాడు. "పచ్చిగున్నది."

"గొట్టం వేడికి కింది మట్టి నాలుగు దినాలల్ల పెంకు అయితది. ఇది నిన్న మెత్తింది."

గది మూలలో గోనెపట్టా కింద ఏదో ఉంది. రాజమౌళిగారు పట్టా లాగారు. పొడుగాటి తాడు. తాడు కొసకు ఈతమట్టల కట్ట, మనిషి నడుమంత లావు. మట్టలు పచ్చగా ఉండాలి. మసితో నల్లగా ఉన్నాయి.

సాయన్నను పిలిపించారు. ఎత్తరి, ముప్పై అయిదేళ్లుంటాయి. స్నానం బాగానే చేశాడు, కానీ చెవి మడతల్లో నలుపు పోలేదు.

"నిన్న నిప్పు ఎప్పుడు పెట్టినవ్?"

"తొమ్మిది కొట్టినంక సారూ."

"అంతకు ముందు?"

"అగ్గిపుల్ల గూడ గీయలే. నా పిల్లల మీద ఒట్టు."

"చూసిండ్రా," అన్నాడు అమీన్.

"చూసిన. నిజమే చెప్తున్నడు," అన్నారు రాజమౌళిగారు. తర్వాత సాయన్నతో మెల్లగా అన్నారు, "నిన్నటి సంది అందరూ నిన్ను నిప్పు పెట్టినవా అనే అడిగిండ్రు గద?"

"అవు సారూ. అమీన్ సారు అదే అడిగిండు. మేనేజర్ సారు అదే అడిగిండు. పెట్టలేదని చెప్పిన. ఇంకేం ఎవరూ అడగలే."

"నేను అడుగుతున్న. ఆరూ నలభై నుంచి ఏడున్నర దాకా ఏం చేసినవ్?"

సాయన్న వెంకటన్న వైపు చూశాడు. వెంకటన్న పైకప్పు వైపు చూశాడు.

"గొట్టం దులిపిన సారూ."

"ఎట్ల?"

"పైకెక్కి తాడు ఇడిసిన. కింద తలుపు తెరిచి తాడుకు ఈతమట్టలు కట్టిన. మళ్ల ఎక్కి కూసోని పైకి గుంజిన. నాలుగు మార్లు."

కింది నుంచి పైకి. గొట్టంలో నెలల తరబడి పేరుకున్న మసి అంతా మట్టల ముందు నడిచి పైనుంచి బయటపడింది. తూర్పుగాలి దాన్ని తీసుకుపోయి శాలోళ్ల వీధిలో దించింది. నిప్పు లేదు, పొగ లేదు, రవ్వ లేదు.

"అంత పైనుంచి చూస్తే వీధి కనబడలేదా?" అన్నాడు అమీన్.

"కండ్లల్ల మసి పడుతదని గుడ్డ కట్టుకున్న సారూ. దిగినంక తెలిసింది. బాలయ్య తాతను పట్కపోయిండ్రని విన్న. చెప్తే నౌకరి పోతదని భయమైంది. రాత్రంత నిద్ర లేదు."

అమీన్ అప్పటికే సంచిలోంచి కాగితం తీశాడు. ఆయన దిగులు పడతాడేమో అనుకున్నాను. కలం మూత తీస్తున్న తీరు చూస్తే పెళ్లివారింటికి వచ్చినట్లుంది.

"బాలయ్యను ఇప్పుడే ఇడిపిస్త. ముద్దాయి ఖానాల బాలయ్య పేరు కొట్టి సాయన్న పేరు రాస్త. మూడింటికి కాగితం తయార్. ఇగ పరేషాన్ లేదు."

"అదే సబబు," అన్నాడు వెంకటన్న వెంటనే. "మిల్లుకు దీంతోని సంబంధం లేదు సార్. వాడు వాని ఇష్టంతోని చేసిండు."

సాయన్నకు అప్పటిదాకా భయమే ఉంది. ఇప్పుడు కోపం వచ్చింది. "నా ఇష్టంతోని నలభై అడుగులు ఎందుకెక్కుత సారూ? కాగితం వచ్చింది గద. మీరే సదివి వినిపిస్తిరి. గా గది తలుపు ఎన్క అతికిస్తిరి."

రాజమౌళిగారు కదలలేదు. ఆయనకు ఆ తలుపు వెనక ఏముందో ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. గంపలోని పెళ్లను చీల్చినప్పటి నుంచీ తెలుసు. అందుకే మాట తగ్గింది.

నేను వెళ్లి గది తలుపు మూసి చూశాను. కాగితం కొత్తది, అంచులు ఇంకా మాయలేదు. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. నా అక్షరాలు.

'పొగగొట్టము లోపలి మసిని నెలకొక పర్యాయము తప్పక దులపవలెను. పొయ్యి సంపూర్ణముగా చల్లారి ఉన్న సమయమున, నిప్పు పెట్టుటకు పూర్వమే ఈ పని ముగించవలెను.' కింద రాజమౌళిగారి దస్తఖతు. మూడు వారాల కింద నాగర్‌కర్నూలు మకాంలో, మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని రాసింది.

చేతిలో మిగిలిన పల్లీలు జేబులో వేసుకున్నాను.

మిల్లు నెలంతా నడుస్తుంది. ఆగేది అమావాస్య ఒక్కనాడే. ఇంత పెద్ద పొయ్యి పూర్తిగా చల్లారాలంటే ఒక పగలు, ఒక రాత్రి కావాలి. అంటే నెలలో చల్లగా దొరికేది అమావాస్య మరునాటి తెల్లవారి మాత్రమే, అదీ తొమ్మిది లోపల. నేతగాళ్లు కూడా అమావాస్యనాడు మగ్గం ముట్టరు. మరునాడు తెల్లవారగానే అందరూ ఒక్కసారిగా పడుగులు పరుస్తారు. మిగతా రోజుల్లో వీధిలో ఒకటో రెండో పడుగులుంటే ఆ రోజు ఐదు. నెలలో ముప్పై ఉదయాలుంటే, మా కాగితం సరిగ్గా ఆ ఒక్క ఉదయాన్ని ఏరి సాయన్న చేతిలో పెట్టింది.

అమీన్ కాగితం చదివాడు. రెండోసారి పైకి చదివాడు. దస్తఖతు మీద వేలు పెట్టి, రాజమౌళిగారి వైపు తిరిగాడు. ఆత్మకూరు వంటవాడి బాకీ ఇంత తీయగా తీరుతుందని ఆయన కూడా అనుకుని ఉండడు.

"టైం రెండింటికి పది తక్కువ," అన్నాడు. "ఖాళీ ఖానాతోని నాజిం సాబ్ ముందటికి పోలేను. ఎవరి పేరు రాయాలె?"

"నా పేరు," అన్నారు రాజమౌళిగారు.

"సోంచాయించి చెప్పుండ్రి సాబ్. నౌకరి పోతది."

"సోంచాయించిన. సాయన్న కాగితం చెప్పినట్లు చేసిండు. బాలయ్య నిజం చెప్పిండు. తొమ్మిది గంటల హుకుంల తప్పు లేదు, రెండేండ్లు ఒక్క పడుగు చెడలే. చెడగొట్టింది ఈ రెండో హుకుం. దాని కింద దస్తఖతు నాది. నాజిం ముందర గిదే చెప్త. మొదటి హుకుం నిలబడుతది, రెండోది నాతోని పోతది. రాసుకోండ్రి."

"మీ పేష్కారు?"

"అనంతయ్య చెప్పింది రాసేటోడు. ఆయనకు సంబంధం లేదు."

అమీన్ రాయడం మొదలుపెట్టాడు. సాయన్న గోడకు ఆనుకుని ముఖం తుడుచుకున్నాడు. వెంకటన్న మెల్లగా తన గదిలోకి జారుకున్నాడు. అంతా సర్దుకున్నట్లే ఉంది. నేను నోరు మూసుకుంటే ఇంకో రెండేళ్లు హాయిగా గడిచిపోతాయి. నిజం చెప్పాలంటే, ఆ మాట నా మనసులో ఒకసారి తిరిగింది. రెండోసారి కూడా తిరిగింది.

కానీ రాజమౌళిగారు ఆ రోజు నాగర్‌కర్నూలులో చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'నెలకోసారి గొట్టం దులపాలె. మనిషి కాలకుంట చూడాలె.' అంతే చెప్పారు. రెండు ముక్కలు. అది కాగితం మీద మరీ బోసిగా కనబడింది నాకు. మనిషి కాలకూడదంటే పొయ్యి చల్లారి ఉండాలి కదా అని, నిప్పు పెట్టుటకు పూర్వమే అని, నిండుగా వినబడేలా రెండో వాక్యం మొత్తం నేనే అల్లాను. ఆయన నా రాత మీద నమ్మకంతో చదవకుండా దస్తఖతు పెట్టారు. ఇందాక అమీన్ పైకి చదివినప్పుడు ఆ వాక్యం తనది కాదని ఆయనకు తెలియకుండా ఉండదు. తెలిసీ తన పేరు చెప్పారు.

నాకు సిగ్గేసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఇంత మంచితనం చూపిస్తే ఎదుటివాడు ఎక్కడికి పోవాలి?

"అమీన్ సాబ్, ఆగండి," అన్నాను. "చల్లారి ఉన్నప్పుడు, నిప్పుకు ముందు అన్న మాట అయ్యగారు చెప్పలేదు. నేను కల్పించి రాసిన."

"అనంతయ్యా, నువ్వు ఊకో," అన్నారు రాజమౌళిగారు.

"ఏడేండ్ల సంది ఊకున్న. ఈ ఒక్కనాడు మాట్లాడనియ్యండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. వాటి మీద మసి లేదు.

అమీన్ కలం ఎత్తి పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. జవానును పిలిచి, ఠాణాకు పోయి బాలయ్యను విడవమన్నాడు. "పడుగు రేపు పొద్దుగాల పరుచుకోమని చెప్పు," అని కూడా అన్నాడు. తర్వాత కాగితం నా వైపు తిప్పాడు.

"పేరు, తండ్రి పేరు చెప్పు. ఏ ఊరు నీది?"

"గద్వాలే," అన్నాను.

"గద్వాలా?" ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్లు అడిగాడు. "గీ ఊర్ల పుట్టినోడివి. అమావాస్య మరునాడు శాలోళ్ల వీధి ఎట్లుంటదో నీకు తెల్వదా?"

తెలుసు. నాకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. కలం అందుకుని, రాజమౌళిగారి పేరు పైన నా పేరు రాసి, ఊరి దగ్గర గద్వాల అని రాశాను.